నల్లగొండల పాత ఉర్దూ కాయిదాలు చదివిపెట్టే సాబ్ దుకాణం, మూడుసార్లు పోయినంక రాస్తున్న

మీ ఇంట్ల ట్రంకుపెట్టెలనో దూలం సందులనో ఉర్దూల రాసిన పాత కాయిదాలు ఉండి, అవి చదివేటోళ్లు ఇంట్ల ఎవ్వరు లేరంటె ఈ రివ్యూ మీకోసమే. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంల, ఒక జిరాక్స్ షాపు మీద మేడల, ఒక పెద్దమనిషి నిజాం కాలం కాయిదాలు చదివి తెలుగుల రాసిస్తడు. బోర్డు లేదు, ఆన్‌లైన్ల కనపడదు, ఫోన్ నంబర్ ఎవరికీ ఇయ్యొద్దన్నడు గాబట్టి నేను ఇస్తలేను, కింద షాపుల "ఉర్దూ సాబ్" అంటె మెట్లు చూపిస్తరు. అందరు సాబ్ అనే పిలుస్తరు, నేను గూడ అట్లనే రాస్త. మూడుసార్లు పోయిన, అన్ని కలిపి 2,350 రూపాయలైనయి. దానికంటె ముందు వేరే తాన 18 వేలు పోయినయి, ఆ సంగతి చెప్పకపోతె సాబ్ చేసిన పనేందో మీకు తెల్వదు గాబట్టి అక్కడినుంచే మొదలువెడ్త.

మాది చండూరు దిక్కు పద్మశాలి ఇల్లు. మా బాపుకి 78 ఏండ్లు. బాపు వాళ్ల తాత పేరు పర్సయ్య. ఆయన గురించి మా ఇంట్ల చెప్పుకునేది ఒక్కటే ముచ్చట, మగ్గం ఇడిసిపెట్టి షోలాపూర్ మిల్లుకు పోయిండు, మల్ల మొఖం చూపియ్యలే అని. ఆ కాలంల మా దిక్కు సాలోళ్లు, అంటె నేతపనోళ్లు, భువనగిరి దాంక నడిచి అక్కడ రైలెక్కి షోలాపూర్, బొంబాయి పోయినోళ్లు మస్తుమంది, షోలాపూర్ల 1877లనే పెద్ద మిల్లు పెట్టిన్రు, ఇప్పటికి గూడ అక్కడ తెలుగు మాట్లాడే పద్మశాలి వాడలున్నయి. పోయినోళ్లల్ల చానమంది పైసలు పంపిన్రు, పండుగకు వచ్చిన్రు. పర్సయ్య రాలే. కులంల ఏదన్న తగువైతె చాలు "పారిపోయినోని సంతానం" అని మా తాతను అన్నరట, మా బాపు చిన్నగున్నప్పుడు ఆయనను గూడ అన్నరు. బాపు ఈ మాట ఎప్పుడు మాతోని చెప్పుకోలే. పోయినేడు మోకాలు ఆపరేషనై మంచంల ఉన్నప్పుడు ఒక రాత్రి అడిగిండు, "బిడ్డా, మా తాత నిజంగనే ఇడిసిపెట్టి పోయిండో లేదో ఎక్కడన్న రాసి ఉంటదా" అని.

మా తమ్ముడు డల్లాస్‌ల ఉంటడు. ఆడ వాళ్లకు ఇది పెద్ద సోకు, సబ్‌స్క్రిప్షన్ కట్టి ఫ్యామిలీ ట్రీ వెబ్‌సైట్లల్ల తాతముత్తాతలను వెతుకుతరు. అమెరికాల సెన్సస్‌ల ఇంటింటికి పోయి పేరు, వయసు, పని రాసుకున్న అసలు కాయిదమే 72 ఏండ్లకు అందరికి తెరుస్తరు, 1950ది 2022 ఏప్రిల్ 1న తెరిచిన్రు. ఇంగ్లండ్‌ల వందేండ్లు, 1921ది 2022 జనవరిల బయటికొచ్చింది. వాళ్లకు గూడ కంతలున్నయి అనుకోండి, అమెరికా 1890 లెక్కల కాయిదాలు 1921ల మంటలల్ల దాదాపు అన్ని పోయినయి, ఇంగ్లండ్ 1931వి 1942ల కాలిపోయినయి, అయినా ముందటి లెక్క, ఎనకటి లెక్క పక్కపక్కన పెట్టి నడుమ ఏమైందో పట్టుకుంటరు. తమ్ముడు మనకు గూడ గట్లనే ఉంటదనుకోని పర్సయ్య పేరు పది రకాల స్పెల్లింగులతోని కొట్టిండు, ఏం రాలే. ఇగ హైదరాబాద్‌ల ఒక ఏజెన్సీని పట్టిండు, పేరు రాయను, 1881 నుంచి 1931 దాంక సెన్సస్ రికార్డులల్ల మీ వంశం వెతికిస్తం అని వాళ్లు 18 వేలు తీసుకున్నరు.

ఆరు వారాలకు నలభై పేజీల పీడీఎఫ్ పంపిన్రు. మంచి అట్ట, నిజాం ముద్ర బొమ్మ, లోపల అన్ని పట్టికలే. నల్లగొండ జిల్లాల 1901ల జనాభా ఎంత (ఏడు లక్షలకు కొంచెం తక్కువ), తెలుగు మాట్లాడేటోళ్లెంతమంది, సాలె కులపోళ్లెంతమంది, గివి. ఒక్క మనిషి పేరు లేదు. ఆఖరి పేజీల మాత్రం "మీ పూర్వీకుని పేరు జనాభా లెక్కల్లో లభించలేదు, ఆయన వలస వెళ్లి ఉండవచ్చు" అని రాసిన్రు. ఫోన్ చేస్తె పని అయిపోయింది కదా మేడం అన్నరు. పైసలు పోతె పోయినయి, నా కడుపు మండింది వేరేదానికి. ఆ ఆఖరి లైను మా బాపు చదివిండు. చదివి, "సర్కారు లెక్కలల్ల గూడ లేడట, అయితె పోయిండనేగ" అని గోడదిక్కు తిరిగి పండుకున్నడు.

అసలు సంగతి ఏందంటె, పర్సయ్య పేరొక్కటే గాదు, ఆ లెక్కలల్ల ఎవ్వరి పేరు దొరకదు. మన దగ్గర 1881 ఫిబ్రవరి 17న హైదరాబాద్ రాజ్యంల మొదటిసారి జనాభా లెక్క తీసిన్రు, 98 లక్షల చిల్లర మంది లెక్కకొచ్చిన్రు, అప్పటినుంచి పదేండ్లకొకసారి తీసిన్రు. ఇంటింటికి పోయి పేర్లు రాసుకున్న మాట నిజమే. 1901 నుంచైతె మనిషికొక చిన్న చీటీ రాసి, ఆ చీటీలను మతం, కులం, భాష, పని లెక్కన కుప్పలు పోసి ఎంచిన్రు. ఎంచినంక పట్టికలు అచ్చువేసి పేర్లున్న కాయిదాలను దాచకుండ పారేసిన్రు. ఇగ స్వతంత్రం తర్వాతవి ఉన్నా మనకు చూపియ్యరు, 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటిలెక్క రికార్డు ఎవ్వరు చూడొద్దు, కోర్టుల సాక్ష్యంగ గూడ పనికిరాదు. రేపు 2027ల తీసే లెక్కకు గూడ అదే చట్టం. సెన్సస్‌ల మీ ముత్తాతను వెతికిస్తం అని ఎవరన్న పైసలు అడిగితె దండం పెట్టి రాండ్రి. ఇంకోటి, అప్పటి లెక్క ఒక్క రాత్రి లెక్క, 1911ల అయితె మార్చి 10 రాత్రి, ఎవరు యాడ పండుకుంటె ఆడనే రాసుకున్నరు, షోలాపూర్ మిల్లు వాడల పండుకున్న మన సాలెమనిషి బొంబాయి ప్రెసిడెన్సీ లెక్కల పడ్డడు, మన ఊర్ల గాదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అన్నప్పుడు మహారాష్ట్రల భివండిల ఉన్న మా చుట్టాలందరు సాంచెలు, అంటె కరెంటు మగ్గాలు, బంద్ చేసి బస్సులు కట్టుకొని ఊరికొచ్చిన్రు, ఆ కాలంల గట్ల పిలిచినోళ్లు లేరు.

ఈ ముచ్చటంత నాకు సాబ్ దగ్గర కూసున్నంకనే తెలిసింది. మా స్కూల్ల ఉర్దూ టీచరమ్మ ఆయన సంగతి చెప్పింది. మొదటిరోజు ఏం తీసుకపోవాల్నో తెల్వక ఇంట్ల ఉన్నయన్ని ఒక సంచిల వేసుకపోయిన, పెండ్లి పత్రికలు, కరెంటు బిల్లులు, బాపు పదో తరగతి మెమో, అందుల మా అవ్వ డబ్బలకెళ్లి తీసిన మూడు ఉర్దూ కాయిదాలు. సాబ్ మిగిలినయన్ని పక్కకు జరిపి ఆ మూడిటిని కిటికీ దగ్గరికి తీసుకపోయిండు. చెయ్యి కడుక్కొని, తుడుసుకొని, అప్పుడు ముట్టుకున్నడు, నాకు ఆ చేతులు కడుగుడే మస్తు నచ్చింది. ఒకటి దేవుని పటం ఎనక అంటించిన రసీదు, పనికిరాలే. రెండోది పైన నిజాం సర్కారు స్టాంపు ఉన్న కాయిదం, రెండుదిక్కుల రాత. మూడోదాని సంగతి తర్వాత.

రెండోది తమస్సుకు, అంటె అప్పు పత్రం. సాబ్ దాన్ని ఒక్కసారికే చదివెయ్యలే, ముందు లోపల్లోపల చదువుకున్నడు, పెన్సిల్‌తోని వేరే తెల్లకాయిదం మీద ఉర్దూలనే మల్ల శుభ్రంగ రాసుకున్నడు, అప్పుడు నాకు గట్టిగ చదివి, తెలుగుల చెప్పి, నేను రాసుకున్నదాన్ని మల్ల నన్నే చదవమన్నడు. అది శికస్తా రాతనట. శికస్తా అంటె విరిగిన అని అర్థం, మున్షీలు గబగబ రాస్తరు గదా, చుక్కలు పెట్టరు, అక్షరాలు ఒకదాంట్లకెళ్లి ఒకటి గుంజుతరు, ఇప్పుడు ఉర్దూ మీడియం చదివిన పిల్లలు గూడ దాన్ని చదవలేరు అన్నడు. పత్రంల ఉన్నది ఇది: సాలె పర్సయ్య వల్ద్ లింగయ్య, ఫలానా ఊరు, నూలు కోసం హాలీ సిక్కా, అంటె నిజాం నాణెం, 40 రూపాయలు తీసుకున్నడు, 1325 ఫస్లీ, ఖుర్దాద్ నెల.

వల్ద్ అంటె కొడుకు. అంటె మా పర్సయ్య నాయిన పేరు లింగయ్య. వందేండ్లు దాటినంక మా ఇంట్ల ఒక తరం పెరిగింది ఆ ఒక్క మాటతోని. ఇంకో సంగతి గమనించిండ్రా, ఇంటిపేరు లేదు. కులం పేరే ముందల రాసిన్రు. తమ్ముడు అమెరికాల కూసొని ఇంటిపేరు కొట్టి వెతుకుతుంటె ఏం దొరుకుతది మరి. ఫస్లీ అంటె నిజాం సర్కారు కాయిదాలల్ల వాడిన సంవత్సరం, ఆ లెక్క గూడ సాబ్ నేర్పిండు, ఫస్లీకి 590 కలిపితె ఇంగ్లిష్ సంవత్సరం, ఏడాది అక్టోబర్‌ల ఆజూర్ నెలతోని మొదలైతది గాబట్టి జనవరి నుంచి వచ్చే నెలలకు ఇంకొకటి కలుపాలె. 1325 ఖుర్దాద్ అంటె 1916 ఏప్రిల్ దగ్గర. మీ కాయిదాల మీద 13 తోని మొదలయ్యే సంవత్సరం కనిపిస్తె హిజ్రీనో ఫస్లీనో ముందు చూసుకోండ్రి, నెల పేరు చూస్తె తెలుస్తది, ముహర్రం, రజబ్ గిట్ల ఉంటె హిజ్రీ, బహ్మన్, ఖుర్దాద్, తీర్ గిట్ల ఉంటె ఫస్లీ.

ఇగ సాబ్ కాయిదం తిప్పిండు. ఎనకదిక్కు వసూల్ లెక్కలు, ఎప్పుడు ఎంత కట్టిన్రో. 1325 షహ్రివర్‌ల నాలుగు రూపాయలు, పర్సయ్య చేతుల మీదుగ. 1326 బహ్మన్‌ల ఆరు, పర్సయ్య. 1327 ఉర్దిబిహిష్త్‌ల ఐదు, పర్సయ్య. అంటె 1918 మార్చి దాంక మనిషి ఉన్నడు, అప్పు కట్టుకుంట ఉన్నడు. తర్వాతి వరుస దగ్గర సాబ్ ఆగిండు. అద్దం దగ్గర పెట్టుకొని చూసి, నా మొఖం చూసి, "బేటా, నీళ్లు తాగుతవా" అన్నడు. 1328 బహ్మన్, రెండు రూపాయలు, మార్ఫత్ బేవా పర్సయ్య.

మార్ఫత్ అంటె చేతుల మీదుగ, బేవా అంటె ముండమోసినామె. 1918 డిసెంబర్. పర్సయ్య అప్పటికే పోయిండు, పైలోకం పోయిండు.

ఆ ఏడు ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన ఏడు. 1911ల హైదరాబాద్ రాజ్యం జనాభా 1 కోటి 33 లక్షల 74 వేలు, 1921 నాటికి 1 కోటి 24 లక్షల 71 వేలకు పడిపోయింది, పదేండ్లల్ల పెరుగాల్సింది పోయి తొమ్మిది లక్షలు తగ్గింది, ఆ జబ్బు, దాంతోపాటు వచ్చిన కరువు. ఆ ఏజెన్సీ పీడీఎఫ్‌ల ఈ రెండు అంకెలు గూడ ఉన్నయి, నేను ఇంటికొచ్చి చూసుకున్న, 12వ పేజీల ఒకటి, 13వ పేజీల ఒకటి. మా పర్సయ్య ఆ తగ్గిన తొమ్మిది లక్షలల్ల ఉన్నడేమో అనిపించింది. సాబ్ మాత్రం నన్ను ఆపిండు. జబ్బుతోని పోయిండని ఈ కాయిదంల లేదు, ఊర్ల పోయిండా షోలాపూర్ల పోయిండా అది గూడ లేదు, మార్చికి డిసెంబర్‌కు నడుమ షావుకారు దృష్టిల ఈమె బేవా అయ్యింది, గంతే ఉన్నది, గంతే రాసిస్త అన్నడు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది గీ మాటతోనే. పైసలిచ్చిన ఏజెన్సీ చూడనిదాన్ని చూసినట్టు రాసింది, ఈయన చూసినదానికి ఒక్క ముక్క ఎక్కువ చెప్పలే.

ఆ తర్వాత వరుసలన్ని ఆమెయే. రూపాయి, ఎనిమిది అణాలు, మల్ల రూపాయి, ఒక ఏడు అసలేం లేదు, 1334 ఫస్లీల ఆఖరి వరుస, కింద "బేబాక్" అని పెద్దగ రాసి సంతకం. బేబాక్ అంటె బాకీ లేదు, తీరిపోయింది. మొగడు పోయినంక ఆరేండ్లకు మా అవ్వ కండెలు చుట్టి ఆ 40 రూపాయల అప్పు తీర్చింది. తీర్చింది గాబట్టే షావుకారు పత్రం ఆమె చేతికి ఇచ్చిండు, ఆమె డబ్బల పెట్టుకున్నది. మిగతా ఊరోళ్ల అప్పు పత్రాలన్ని షావుకారు ఇంట్లనే ఉండె, సాయుధ పోరాటం టైంల గడీల మీద, షావుకార్ల ఇండ్ల మీద పడి అవి కాలబెట్టిన్రు, మంచిపనే, గాని కాయిదాలు లేక మన దిక్కు చానమందికి పాతతరం దొరకదంటె అది గూడ ఒక కారణం అని సాబ్ చెప్పిండు.

ఇంటికొచ్చి బాపుకి చదివి వినిపించిన. ఏం మాట్లాడలే. పొద్దుగూకినంక పిలిచి ఆ మార్చి, డిసెంబర్ ఒక్కసారి మల్ల చెప్పు అన్నడు. చెప్పిన. తెల్లారి మా చిన్నాయినకు ఫోన్ చేసి ఇరవై నిమిషాలు అదే చెప్పిండు, తర్వాత షోలాపూర్ల ఉన్న చుట్టాలకు చేసి వాళ్లకు చెప్పిండు, "ఇడిసిపెట్టలేరా, చచ్చిపోయిండు" అని. అట్ల సంబురంగ ఎవరన్న చావువార్త చెప్తరా, మా బాపు చెప్పిండు.

రెండోసారి పోయింది ఖాస్రా పహాణీ పట్టుకొని. ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నరు అని 1954-55ల రాసిన రికార్డు ఇది, మన తెలంగాణల భూమి పంచాయితీ ఏదైనా చివరికి దీని దగ్గరికే వస్తది, మా ఊరిది ఉర్దూల ఉన్నది. సాలోళ్లకు భూమి యాడిది, పట్టాదార్ అనే గడిల మేము ఉండం, గాని సాబ్ ముందే చెప్పిండు, పట్టాదార్ ఒక్కటే చూడొద్దు, కబ్జాదార్, అంటె భూమి ఎవరి చేతుల ఉన్నదో చూడు, శిక్మీదార్, అంటె కౌలుదారు చూడు, ఆఖరున కైఫియత్ అని ఇవరం రాసే గడి ఉంటది అది గూడ చూడు, కౌలుకు చేసినోళ్లు అందుల దొరుకుతరు అని. నకలు కోసం దరఖాస్తు పెట్టి తిరిగి తిరిగి తెచ్చుకున్న, ఏ ఆఫీసు అని అడుగొద్దు, నాలుగుసార్లు తిరిగిన. దాంతోపాటు తెలుగు చేసిన కాపీ గూడ ఇచ్చిన్రు. తెలుగు దాంట్ల ఎంత వెతికినా పర్సయ్య లేడు, ఒక తాన "బేవా నర్సయ్య" అని ఉన్నది, ఒకటిన్నర ఎకరం కౌలు. నర్సయ్య ఎవరో మాకు తెల్వదు, మాది గాదనుకున్నం.

సాబ్ ఉర్దూది చూసి నవ్విండు. ఉర్దూల నూన్, పే రెండు మొదట్ల వచ్చినప్పుడు ఒక్కతీరే పన్ను లెక్క ఉంటయి, నూన్‌కు పైన ఒక చుక్క, పేకు కింద మూడు చుక్కలు, ఆ చుక్కలే తేడా. శికస్తాల చుక్కలు పెట్టకపోతె నర్సయ్య, పర్సయ్య రెండు ఒక్కటే బొమ్మ. తెలుగు చేసినాయన తనకు తెలిసిన పేరు వేసిండు, ఊర్లల్ల నర్సయ్యలే ఎక్కువ గదా. ఉర్దూదాంట్ల కాయిదం మడత కింద మూడు చుక్కలల్ల రెండు కనిపిస్తున్నయి, నేను అద్దంల చూసిన, నిజంగనే ఉన్నయి. బాలయ్య పాలయ్య అయితడు, గిట్లాంటివి ఆయన ఇంకా చెప్పిండు. మీ వాళ్లు రికార్డుల లేరు అని ఎవరన్న అంటె ముందు తెలుగు కాపీ పక్కకు పెట్టి అసలుది చూపియ్యమని అడుగుండ్రి. పట్వారీ రాసింది ఒకటి, చదివింది ఇంకోటి, కంప్యూటర్ల ఎక్కిచ్చింది మూడోది అయ్యి ఉంటది.

అంటె 1954ల గూడ ఆమె బతికే ఉన్నది, ఒకటిన్నర ఎకరం కౌలుకు చేస్తున్నది. బాపుకి అప్పుడు ఏడెనిమిదేండ్లు. ఆయనకు ఆమె యాదికున్నది, అరుగు మీద కూసొని రాట్నం తిప్పేది, చెవులకు బరువు కమ్మలుండె, తంబాకు వాసన వచ్చేది. పేరు యాదికి లేదు. "అవ్వ అనేటోళ్లం, పేరెందుకు తెలుస్తది" అన్నడు.

మూడు కాయిదాలల్ల ఎక్కడ చూసినా ఆమె బేవానే. సాబ్ మూడోసారి ఆ మొదటిరోజు పక్కన పెట్టిన మూడో కాయిదం చదివిండు, అందుల "ముసమ్మాత్" అని మొదలైంది, ఆడోళ్ల పేరు ముందల పెట్టే మాట అది, నాకు గుండె దడదడ కొట్టుకున్నది, తర్వాత మాట "బేవా పర్సయ్య" అనే. కింద బొటనవేలి ముద్ర ఉన్నది. ముద్ర ఆమెదే, గీతలు సుత తెలుస్తున్నయి, పేరు లేదు. సాబ్ చెప్పిండు, 1951-52ల మొదటి ఎలక్షన్లకు ఓటరు లిస్టు చేసినప్పుడు గూడ గిట్లనే అయ్యిందట, ఫలానాయన పెండ్లాం, ఫలానాయన తల్లి అని రాయించుకొని సొంత పేరు చెప్పని ఆడోళ్ల పేర్లు దేశం మొత్తం మీద 28 లక్షలు తీసేసిన్రు, ఎక్కువ ఉత్తరాదిల. మన నల్లగొండల రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతోని గెలిచిన ఎలక్షన్ అది, మా అవ్వ అప్పుడు ఓటేసిందో లేదో నాకు తెలుసుకోవాలని ఉన్నది, ఆ లిస్టు కోసం అడుగుతున్న.

ఇగ దుకాణం గురించి అసలు ఇవరాలు. పేజీకి 150, శికస్తా అయితె 250, ఖాస్రా పహాణీ లాంటి పెద్ద షీటుకు వేరే, ముందే చెప్తడు, బేరం ఆడొద్దు, ఆడాల్సిన అవసరం గూడ లేదు. పనికిరాని కాయిదానికి పైసలు తీసుకోడు, నా రసీదుకు తీసుకోలే. తప్పులు గూడ చెప్త. పని మస్తు ఆలస్యం, వారం అంటె మూడు వారాలు. రాసిచ్చిన తెలుగుల ఒత్తులు అటుఇటు ఉంటయి, మీరే సరిచేసుకోవాలె. బిల్లు ఇయ్యడు, ఆయన రాసిచ్చింది కోర్టుల చెల్లదు, ఆ మాట ఆయనే ముందు చెప్తడు, భూమి పంచాయితీ ఉంటె వకీలు దగ్గరికి పొమ్మంటడు. ఫోటో వాట్సాప్‌ల పంపుతనంటె ఒప్పుకోడు, అసలు కాయిదమే కావాలె అంటడు, దూరమోళ్లకు కష్టమే. మెట్లు నిటారుగ ఉన్నయి, పెద్దోళ్లను ఎక్కియ్యలేరు, మా బాపుని కింద జిరాక్స్ షాపుల స్టూలు మీద కూసోబెట్టిన, సాబే దిగొచ్చి మాట్లాడిపోయిండు. ఫారసీ కొంచెమే చదువుతడు. నేను ఉన్నప్పుడే వనపర్తి దిక్కునుంచి ఒకాయన ఇనాం సనదు, అంటె ఇనాం భూమి ఇచ్చిన పత్రం, తెచ్చిండు, పాత ఫారసీది, సాబ్ పైపైన చూసి ఇది నాతోని గాదు, తార్నాకల స్టేట్ ఆర్కైవ్స్ ఉన్నది ఆడికి పో, మీది సంస్థానం ఊరు, సంస్థానాలు జాగీర్లవి 1949 దాంక లెక్కలే వేరేగ ఉండె, నల్లగొండ లెక్క వెతికితె దొరకదు అని తోలిచ్చిండు. పైసలు తీసుకోలే.

పద్మశాలీలకు ఒక మాట, సాబ్ గాదు నేను చెప్తున్న. మనకు కూనపులోళ్లు ఉన్నరు, పటం ఇప్పి మార్కండేయ పురాణం చెప్పేటోళ్లు, ఊరూరికి తిరిగి మన ఇండ్లల్లనే కట్నం తీసుకునేటోళ్లు, గోత్రాలు, ఇంటిపేర్లు, ఏ ఇల్లు ఏ ఊరినుంచి వచ్చిందో వాళ్లకు నోటికుంటది. వేరే కులాలకు గూడ గిట్ల చెప్పేటోళ్లున్నరు, మాదిగలకు డక్కలోళ్లు, రెడ్లకు పిచ్చకుంట్లోళ్లు. మా ఊరికి కూనపులోళ్లు వచ్చి ఇరవై ఏండ్లు దాటింది, నేను చిన్నప్పుడు చూసిన, రాత్రంత పటం కింద నిద్రపోయిన. వాళ్లల్ల పెద్దోళ్లు ఉన్నప్పుడే పోయి అడుగుండ్రి, మేము ఆలస్యం చేసినం. లింగయ్యకు ముందటి పేరు దొరికితె వాళ్ల దగ్గరనే దొరకాలె. ఫ్యామిలీసెర్చ్ అని ఫ్రీ వెబ్‌సైట్ ఉన్నది, దాంట్ల హరిద్వార్ లాంటి తీర్థాలల్ల పండాలు, అంటె ఆడి పూజార్లు, రాసుకున్న వంశాల పుస్తకాల (వహీల) ఫిల్ములు ఉన్నయి, మీ వాళ్లు ఆ దిక్కు యాత్రకు పోయినోళ్లయితె చూడుండ్రి, మావోళ్లు యాదగిరిగుట్ట దాటి పోలే.

రేటింగ్ ఐదుకు నాలుగున్నర. ఆ అర మెట్లకు, ఆలస్యానికి.

శుక్రవారం నమాజ్ టైంల ఉండడు, మిగతారోజులు పదకొండు నుంచి వెలుగు ఉన్నదాంక, లైటు కింద చదవడు. కాయిదాలను పాలిథిన్ కవర్ల పెట్టుకపోకుండ్రి, చెమ్మకు అతుక్కుంటయట, పాత పత్రికల నడుమ పెట్టుకపోండ్రి. టేపు అస్సలు అంటించొద్దు. సాబ్ నాకు రాసిచ్చిన వంశం కాయిదంల లింగయ్య, ఆయన కింద పర్సయ్య, పర్సయ్య పక్కన ఒక గీత గీసి ఖాళీ ఇడిసిపెట్టిండు, పేరు దొరికినప్పుడు రా, దానికి పైసలు వద్దు అన్నడు. చండూరుల మా మేనత్త ఇంట్ల అటక మీద ఇంకో డబ్బ ఉన్నదట, తాళంచెవి లేదట, ఆదివారం నేను, బాపు పోతున్నం.